వెనక సీటుకి ఎనిమిది మార్కులు

జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో టెస్టు కార్లలో తిరిగిన మూడేళ్ళూ, మొదటి రెండు నెలలూ చివర్లో ఒక్కరోజూ తప్ప, కారెక్కడానికి అరగంట ముందు నేను వాంతుల బిళ్ళ వేసుకున్నాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. సెలవులకి వెళ్ళినప్పుడు ఆ బిళ్ళలు కొనిచ్చిన అమ్మకి కూడా చెప్పలేదు. నేను బస్సుల్లో తిరగడానికి అడుగుతున్నాననుకునేది.

నాకిప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. ఉద్యోగ జీవితం గురించి అనుభవాలు రాసుకునే వయసు కాదు. కానీ ఆ పని నుంచి పూర్తిగా తప్పుకున్నాను, ఇక తిరిగి వెళ్ళను. వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. ఇక్కడ నా కుర్చీ కదలదు. ఆ పనిలోకి ఏటా మన పిల్లలు కొత్తగా వస్తున్నారని విన్నాను. వాళ్ళ కోసం నా డైరీలు ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. డైరీల నిండా ఉన్నది భయమే కాబట్టి ఇందులోనూ అదే ఎక్కువగా కనబడుతుంది.

ఆ పని ఏమిటంటే

కార్లు తయారుచేసే పెద్ద కంపెనీలు కొన్ని పనులు బయటి ఆఫీసులకి అప్పగిస్తాయి. మాది అలాంటి చిన్న ఆఫీసు. ఇంకా బజారులోకి రాని కారు మాకిచ్చి, తిరిగి చూసి చెప్పమనేవారు. ఒకరు నడిపితే ఒకరు పక్కన కూర్చునేవారు, ఇంకొకరు వెనక. దిగాక ఎవరి ఫారం వాళ్ళు నింపాలి. కుదుపుకి పదికి ఎన్ని మార్కులు, చప్పుడుకి ఎన్ని, మెడకి ఎన్ని, నడుముకి ఎన్ని. కొలిచే యంత్రాలు వేరే ఉండేవి. యంత్రానికి కుదుపు ఎంతో తెలుస్తుంది గాని, ఆ కుదుపు మనిషికి ఎలా ఉందో తెలియదు. దానికి మేం.

వెనక సీటు నాకు ఎవరూ కేటాయించలేదు. మొదటిరోజు కారు దగ్గరికి వెళ్ళగానే నా చెయ్యి దానంతటదే వెనక తలుపు మీదికి పోయింది. అనకాపల్లిలో మా ఇంట్లో కారెక్కితే మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళం, పిల్లలం వెనక. అందరిలోకీ సన్నగా ఉన్నానని నన్ను మధ్యలో ఇరికించేవారు. ఎవరైనా వెనక్కి తిరిగి ఎలా ఉందే అంటే బానే ఉంది అనాలి. బాలేదంటే కారాపాలి, ఎవరో ఒకరు దిగి సర్దుకోవాలి, నా ఒక్కదాని వల్ల అందరికీ ఆలస్యం. పదేళ్ళు వచ్చేసరికే ఆ జవాబు నా నోటికి అలవాటైపోయింది.

మా టీమ్ పెద్ద హెర్ బ్రెన్నర్‌కి యాభై ఎనిమిదేళ్ళు. తక్కువ మాట్లాడే మనిషి. మొదటి వారంలోనే నన్ను కూర్చోబెట్టి, అక్కడి పద్ధతిలో ఇంటిపేరుతో పిలిచి ఇలా అన్నాడు:

"ఫ్రావు కొణతాల, కారు మంచిదా చెడ్డదా అని నాకు చెప్పకండి. అభిప్రాయాలు నా దగ్గర చాలా ఉన్నాయి. మీ మెడ ఏం చేసింది, మీ కడుపు ఏం చేసింది, అది రాయండి."

ఆ మాట డైరీలో రాసుకుని కింద గీత కూడా గీశాను. ఆ పనికి సంబంధించి నేను విన్నవాటిలో అంతకంటే పనికొచ్చే మాట లేదు. మీరూ రాసుకోండి. నేను రాసుకున్నానేగాని పాటించలేదు.

ఎనిమిది

మొదటి పెద్ద ప్రయాణం ష్వార్ట్స్‌వాల్డ్ కొండదారుల్లో. చిన్నప్పుడు అరకు ఘాట్ రోడ్డులో ఏమయ్యేదో అక్కడా అదే అయింది. పెట్రోల్ బంకులో ఆగినప్పుడు బాత్‌రూమ్‌లోకి పరిగెత్తి, చప్పుడు బయటికి వినబడకుండా కుళాయి తిప్పి, వాంతి చేసుకున్నాను. మొహం కడుక్కుని బయటికి వచ్చేసరికి అందరూ కాఫీ తాగుతున్నారు.

ఆ రాత్రి డైరీలో ఉన్నది ఇంతే: "కారు పడని మనిషిని కారు ఆఫీసులో ఎందుకుంచుకుంటారు?"

అప్పటికి నా ప్రొబేషన్ రెండో నెల. ఆరు నెలల్లోపు వద్దనుకుంటే రెండు వారాల నోటీసుతో పంపేయొచ్చు. నా బ్లూ కార్డు, అంటే ఇక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి, ఈ ఉద్యోగం మీద ఇచ్చింది. ఉద్యోగం పోతే ఆ సంగతి విదేశీయుల ఆఫీసుకి తెలియజేయాలి, కొద్ది నెలల్లో ఇంకోటి వెతుక్కోవాలి. అక్కడ టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకడానికే నెలలు పడుతుంది. పోస్టు డబ్బాలో ప్రభుత్వం కవరు కనబడితే చాలు, మెట్ల మీదే కూర్చుండిపోయేదాన్ని. చాలాసార్లు అది చెత్త ఎత్తే రోజులు మారాయని చెప్పే కాయితం అయ్యుండేది.

తర్వాతి ప్రయాణం నుంచి బిళ్ళ మొదలైంది. అది వేసుకుంటే కళ్ళు మగతగా ఉండేవి, కడుపు నిద్రపోయేది. ఫారంలో ఎనిమిది వేసేదాన్ని. పది వేస్తే నమ్మరు, ఆరు వేస్తే ఎందుకని అడుగుతారు. ఎనిమిది వేస్తే ఎవరూ ఏమీ అడగరు. ప్రొబేషన్ అయిపోయినప్పుడు నా గురించి రాసిన కాయితంలో హెర్ బ్రెన్నర్ "నిలకడ గల మనిషి" అన్నాడు. ఆ నిలకడ బిళ్ళది.

అమెరికాకి చిన్న సెడాన్

రెండో ఏడు మాకు ఆ సెడాన్ వచ్చింది. ఇక్కడ బాగా అమ్ముడుపోయే చిన్న కారుకి వెనక డిక్కీ తగిలించి అమెరికాకి పంపాలని కంపెనీ ఆలోచన. అక్కడివాళ్ళు కొంటారా కొనరా అన్నది పై వాళ్ళ గదుల్లో నలిగే ప్రశ్న. కారు అక్కడి రోడ్లకి పనికొస్తుందా అన్నది మా ప్రశ్న.

నన్నడిగితే ఆ రెండూ ఒకటే ప్రశ్న. మా ఇంజనీర్లు కారుని మలుపుల్లో పరీక్షించేవారు. మలుపులో కారు రోడ్డుని పట్టుకుని ఉంటే వాళ్ళ మొహాలు వెలిగేవి. అమెరికాలో చాలామంది నడిపే దారిలో మలుపులే ఉండవు. గంటలకొద్దీ తిన్నగా పోతూ ఉంటారు. కార్లోనే తింటారు, పిల్లలు కార్లోనే నిద్రపోతారు. జపాన్ వాళ్ళ చిన్న సెడాన్లు అక్కడ నిలబడింది వేగంతో కాదు, మనిషిని ఇబ్బంది పెట్టకపోవడంతో. తండ్రి పదేళ్ళు నడిపి, కాలేజీకెళ్ళే కూతురికి ఇచ్చేస్తాడు. ఆ కూతురు వెనక సీట్లో స్నేహితురాళ్ళని ఎక్కించుకుంటుంది. ఎస్‌యూవీల్లాంటి పెద్ద ఎత్తు కార్లు వచ్చాక చిన్న సెడాన్‌కి చోటు తగ్గింది గాని పోలేదు. బయటి దేశం సెడాన్ అక్కడ బతకగలదనే ఇప్పటికీ నమ్ముతాను. వెనక కూర్చున్నవాళ్ళని అడిగి చేసిన కారైతే. జర్మన్ కారు నడిపేవాడి కోసం పుట్టిందని మా ఆఫీసులో గర్వంగా చెప్పుకునేవారు. వెనక కూర్చున్న మనిషి ఓటు నా ఒక్కదానిదే, నేనేమో ఎనిమిది వేసే మనిషిని.

ఆ కారుకి స్ప్రింగులు, షాకబ్జార్బర్లు కుదిర్చే పని నయీం భాయ్‌ది. హైదరాబాద్ టోలీచౌకీ మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఆఫీసులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

"మాధురమ్మ వెనక కూసుంటే కార్ల ఎవరూ లేనట్టే," అనేవాడు. "లోడ్ సరిపోతలేదు. పక్కన ఇంకో ఇసుక బస్తా పెట్టండ్రి."

నిజంగానే పెట్టించేవాడు. ఆ బస్తాకి సీటు బెల్టు కట్టి, "సార్, కంఫర్టబుల్ ఉందా?" అని దాన్ని అడిగేవాడు. నాతో మాత్రం, "మా అక్క బిడ్డ డల్లాస్‌ల చదువుతుంది. కారు కొంటనంటే ఆగుమన్న. మామ చేసిన కారొస్తది, అదే కొనుమన్న," అనేవాడు. అమెరికా కారు ఓకే అయితే ఆయన కాంట్రాక్టు పర్మినెంటవుతుందని ఆఫీసులో అందరికీ తెలుసు.

మా టెస్టు ట్రాకులో ఒక దారి ఉండేది. అమెరికా హైవేల్లో లాగా కాంక్రీటు పలకలు పక్కపక్కన పోసి చేసింది. మావాళ్ళు దాన్ని అమెరికా అనే పిలిచేవారు. ప్రతి అతుకు దగ్గరా కారు ఒకసారి ముక్కు ఎత్తి దించేది. ముందున్నవాళ్ళకి అది ఉయ్యాల లాంటిది. చక్రాల మీద కూర్చున్న వెనకవాళ్ళకి వేరు. కొండదారుల్లో నన్ను పూర్తిగా కాపాడిన బిళ్ళ ఆ అమెరికాలో సగమే పనిచేసేది. నోట్లో నీళ్ళూరేవి, చెవుల వెనక చెమట పట్టేది. నా ఒంట్లోనే లోపమనుకున్నాను. రెండేళ్ళలో పందొమ్మిది ఫారాలు నింపాను, అన్నిట్లోనూ ఎనిమిదే.

లొరైన్

పని చివరికొచ్చాక అమెరికా నుంచి ముగ్గురు డీలర్లు వచ్చారు. రేపు ఆ కారు అమ్మాల్సినవాళ్ళు. వాళ్ళు బాగుందంటే పైవాళ్ళు సంతకం పెడతారు. ఇద్దరు మగవాళ్ళు వంతులవారీగా ముందు కూర్చుని, తలో చుట్టు తిరిగి దిగిపోయారు. మూడో ఆవిడ లొరైన్, అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టుకుంటూ నా పక్కన వెనక ఎక్కింది.

మా అమెరికా దారి మీద పావుగంట వరకు తన దుకాణం కబుర్లు చెప్పింది. తర్వాత మాటలు తగ్గాయి. అద్దం కొంచెం దించింది. ఆవిడ పెదవుల రంగు మారడం చూశాను. ఆ రంగు నాకు బాగా తెలుసు.

"హనీ, నీకిక్కడ బానే ఉందా?" అంది.

అడిగినావిడ కళ్ళు నా మీదే ఉన్నాయి. ముందు సీట్లో హెర్ బ్రెన్నర్. స్టీరింగు మీద నయీం భాయ్.

"బానే ఉందండీ," అన్నాను.

"అయితే నాదే లోపం," అంది లొరైన్. "పొద్దున ఆ సాసేజి తినకుండా ఉండాల్సింది."

కారు దిగాక కూడా అందరికీ అదే చెప్పుకుంది. విమానంలో నిద్ర లేకపోవడం, సాసేజి, వయసు. పక్కన కూర్చున్న చిన్నపిల్ల అంత హాయిగా ఉంటే కారునేమనగలనని నవ్వింది. తన ఫారంలో మంచి మార్కులే వేసింది.

అప్పటివరకు నేను దాస్తున్నది నా జబ్బు మాత్రమే అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళే ఎస్-బాన్ రైల్లో చేతిలో పుస్తకం తెరిచి ఉంది గాని ఒక్క పేజీ తిప్పలేదు. డైరీలో: "బానే ఉందన్నాను. ఆవిడ తన ఒంటిని నమ్మడం మానేసి నన్ను నమ్మింది." ఎక్కడో పలకల రోడ్డు మీద ఆ కారు వెనక సీట్లో పిల్లలు వాంతులు చేసుకుంటారు, వాళ్ళమ్మలు పొద్దున ఏం తిన్నావని వాళ్ళనే తిడతారు. దానికింద నా సంతకం ఉంటుంది.

చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. రెండేళ్ళ టెస్టు ఫారాలు అబద్ధమని తేలితే మొదట పోయేది నేను. మూడు రోజులు అన్నం సహించలేదు. నోరు తెరిచి చెప్పే ధైర్యం నాకు రాదని మూడోరోజుకి అర్థమైంది. ఆ చెప్పడమేదో కడుపుకే వదిలేశాను.

బిళ్ళ వేసుకోని రోజు

గురువారం బిళ్ళ వేసుకోలేదు. రెండు ఇడ్లీలు తిని, చేతి సంచిలో రెండు ప్లాస్టిక్ కవర్లు పెట్టుకుని వెళ్ళాను. నయీం భాయ్ నడుపుతున్నాడు, హెర్ బ్రెన్నర్ ముందున్నాడు. అమెరికా మీదికెక్కగానే కవరు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. మనసు మార్చుకోవడానికిక వీలు లేదు, బిళ్ళ ఇప్పుడు వేసుకున్నా పనిచేయదు.

కవరు ఒకటి సరిపోలేదు.

నయీం భాయ్ పక్కకి తీసి ఆపాడు. "ఏమైందమ్మా? పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఇడ్లీ."

"ఇడ్లీతోటి ఎవరికన్న వాంతైతదా?"

హెర్ బ్రెన్నర్ నాకు నీళ్ళ సీసా ఇచ్చి, వాచీ చూసి, తన నోటు పుస్తకంలో ఇరవై రెండు నిమిషాలని రాసుకున్నాడు. జ్వరమా అని అడిగాడు. కాదన్నాను. "అయితే ఫారంలో రాయండి," అన్నాడు.

రెండు వేశాను. మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిచాడు. బల్ల మీద పాత ఫారాలన్నీ వరసగా పరిచి ఉన్నాయి.

"ఈ ఎనిమిదులు ఎవరివి?"

"నావే."

"ఇవాళ్టి రెండు?"

"అదీ నాదే."

"ఒకే కారు, ఒకే రోడ్డు, ఒకే మనిషి. ఏం మారింది?"

నా సంచి కాళ్ళ దగ్గరే ఉంది. సగం వాడిన బిళ్ళల అట్ట అందులో ఉంది. తీసి బల్ల మీద పెడితే ఒక్క నిమిషంలో అంతా అర్థమైపోయేది. చెయ్యి రాలేదు.

"అప్పుడు నిజం రాయలేదు," అన్నాను. "భయమేసింది."

"దేనికి?"

"మీరు పంపేస్తారని."

ఆయన ఫారాలని ఒక్కొక్కటే తీసి కట్టగా పేర్చాడు. పాస్‌పోర్టు ఇంట్లో ఏ సొరుగులో ఉందా అని ఆలోచిస్తున్నాను.

"ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను," అన్నాడు చివరికి. "ఇన్నేళ్ళలో ఆ దారి మీద వెనక సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు. రేపు కూర్చుంటాను."

కూర్చున్నాడు. ఒళ్ళో కాయితాలు పెట్టుకుని చదువుతూ, ఇళ్ళల్లో పిల్లలు ఫోను చూస్తూ కూర్చున్నట్టే. అరగంట తర్వాత దిగి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మూడు వేశాడు. తర్వాత ఒక్కొక్కరినీ వెనక కూర్చోమన్నాడు. ఇద్దరు బాగానే ఉన్నారు, నలుగురికి కడుపు తిప్పింది. నయీం భాయ్ నా కారు నాకు తెలియదా అని రెండు రోజులు వాదించి మూడోరోజు ఎక్కాడు. దిగాక ఇసుక బస్తా జోకు వేయలేదు. బోనెట్ మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాడు.

ఆ తర్వాత

సరిచేయలేని లోపం కాదది. ఆలస్యమైన లోపం. స్ప్రింగులు మారిస్తే కారు ఎత్తు మారుతుంది, ఎత్తు మారితే అయిపోయిన పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచి. ఏడాది పైన పడుతుందని లెక్క తేలింది. అంతకాలం ఆగేకంటే ఎత్తు కారే పంపుదామని కంపెనీ నిర్ణయించింది. సెడాన్ అమెరికా వెళ్ళలేదు. విదేశీ చిన్న కారుకి అక్కడ రోజులు చెల్లాయని తర్వాత ఎవరో పెద్దాయన ఒక సమావేశంలో అన్నాడట. నాకు తెలిసినంతవరకు అమెరికావాళ్ళకి ఆ కారుని కాదనే అవకాశమే రాలేదు.

కంపెనీకి పంపిన రిపోర్టులో హెర్ బ్రెన్నర్ వెనక సీటు మార్కులు నమ్మదగ్గవి కావని, దానికి బాధ్యత తనదని రాశాడు. నా పేరు ఎక్కడా లేదు. దాన్ని మంచితనం అంటారేమో, అప్పుడు నేనూ అనుకున్నాను. ఇప్పుడు ఆ పనిలో నిజాయితీ అంటే అదేననుకుంటున్నాను. ఒకే మనిషిని ఒకే సీట్లో రెండేళ్ళు కూర్చోనిచ్చింది నిజంగా ఆయన తప్పే. అబద్ధం నాది. రెండూ కలిస్తేనే ఇంత జరిగింది. మీ పై వాళ్ళు మిమ్మల్ని ఎప్పుడూ ఒకే చోట కూర్చోబెడుతుంటే, నోరు లేకపోయినా సరే, సీటు మార్చమని అడగండి. కడుపు తిప్పితే తిప్పిందని రాయండి. ఆ పనిలో ఒళ్ళు సుకుమారంగా ఉండటం లోపం కాదు. అందుకే కదా యంత్రాన్ని కాకుండా మనిషిని పెట్టుకున్నారు.

నన్ను పంపలేదు. ఆ తర్వాత నేను కారెక్కలేదు, కొన్ని నెలలు ఫారాలు సర్దే పని చేసి వాల్డార్ఫ్ వచ్చేశాను. పోయింది నయీం భాయ్ ఉద్యోగం. అమెరికా పని లేకపోయేసరికి ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. ఉత్తరాన ఎక్కడో కొత్త ఉద్యోగం చూసుకున్నాడు. పిల్లల బడి మధ్యలో మాన్పించి తీసుకుపోవాల్సొచ్చింది.

వెళ్ళేరోజు ఆయన పార్కింగులో అట్టపెట్టెలు కార్లో పెట్టుకుంటుంటే దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ఆరు వారాలుగా మా మధ్య నమస్తేలు తప్ప మాటల్లేవు. సారీ భాయ్ అన్నాను.

పెట్టె లోపలికి నెట్టి, చేతులు దులుపుకుని నా వైపు చూశాడు. "మొదటిరోజు నుంచి అట్లనే అయితుండెనా నీకు?"

తలూపాను. అరుస్తాడనుకుని చూపు కిందికి దించుకున్నాను. అరవలేదు.

"రెండేండ్ల కిందనే నా కార్ల కక్కుంటే అయిపోతుండె గదమ్మా," అన్నాడు. "స్ప్రింగులు మార్చేటోణ్ణి. సీటు నేనే కడిగేటోణ్ణి."